చుక్కల్ని చెరిపే విద్య: ఒక చిన్న చరిత్ర

చీకటి పడే వేళ ఫోనుతో ఒక ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసి చూడండి. గోడ మీద, ముఖాల మీద ఇసుక చల్లినట్టు రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి. వీటిని నాయిస్ అంటారు. నాయిస్ అంటే చప్పుడు. రేడియోలో స్టేషన్ సరిగ్గా దొరకనప్పుడు పాట వెనక వినిపించే గరగర చెవికి ఎలాంటిదో, ఈ చుక్కలు కంటికి అలాంటివి. వీటిని తగ్గించే సాఫ్ట్‌వేర్ ఈ రోజుల్లో ఫోన్లలోనే ఉంటోంది. కానీ దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే సాఫ్ట్‌వేర్‌ను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది.

ఫొటో అంకెలుగా మారిన కాలం

1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ అనే శాస్త్రవేత్త మూడు నెలల వయసున్న తన కొడుకు ఫొటోను స్కానర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అడ్డంగా 176, నిలువుగా 176 గడులు. అంటే మొత్తం 30,976 చుక్కలు. అప్పటినుంచి ఫొటో అంటే అంకెల పట్టిక అయ్యింది. అంకెలైతే లెక్క వెయ్యవచ్చు, లెక్క వేస్తే తప్పు దిద్దవచ్చు.

ఆ అవసరం అంతరిక్షంలో వచ్చింది. 1964లో రేంజర్ 7 చంద్రుణ్ణి ఢీకొనే ముందు నాలుగు వేలకు పైగా ఫొటోలు పంపింది. వాటిలోని లోపాలను జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వాళ్ళు కంప్యూటర్‌తో సరిచేశారు. 1965లో మారినర్ 4 అంగారకుడి ఫొటోలు పంపినప్పుడు ఒక్కో ఫొటో రావడానికి ఎనిమిది గంటలకు పైగా పట్టింది. అంతసేపు ఆగలేక అక్కడి ఇంజనీర్లు వచ్చిన అంకెల కాగితాలను గోడకు అంటించి, అంకెను బట్టి రంగు వేసి, చేత్తోనే మొదటి బొమ్మ తయారుచేశారట!

1969లో బెల్ లాబ్స్‌లో బాయిల్, స్మిత్ సీసీడీని కనిపెట్టారు. కెమెరాలో ఫిల్ము పనిని చేయగల చిప్ అది. దీనికి 2009లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ చేసిన డిజిటల్ కెమెరా 10,000 చుక్కల ఫొటోను క్యాసెట్ మీద రాయడానికి 23 సెకన్లు తీసుకునేది.

చుక్కను ఎలా పట్టుకుంటారు?

వెలుతురు తక్కువైతే కెమెరాకు అందే సమాచారం తక్కువ. చిప్ వేడెక్కినా తప్పుడు సంకేతాలు పుడతాయి. అలా పుట్టిన చుక్కను పట్టుకునే ఒక పద్ధతి మన ఎనిమిదో తరగతి లెక్కల లాంటిదే. పక్కపక్కనే ఉన్న తొమ్మిది గడుల అంకెలు ఇవి అనుకుందాం: 52, 54, 51, 53, 255, 52, 55, 50, 53. మధ్యలోని 255 తప్పని చూడగానే తెలుస్తుంది. సగటు తీస్తే 75 వస్తుంది, అంటే ఆ ఒక్క తప్పు మిగతావాళ్ళందరినీ లాగేసింది. అదే అంకెలను వరసగా పేర్చి నడుమ ఉన్నదాన్ని, అంటే మధ్యగతాన్ని తీసుకుంటే 53 వస్తుంది. తప్పు పోయింది, మిగతావి చెడలేదు. 1970లలో జాన్ టుకీ ప్రచారంలోకి తెచ్చిన మీడియన్ ఫిల్టర్ ఇదే.

2005లో బ్వాదెస్, కాల్, మొరెల్ అనే ముగ్గురు ఇంకో దారి చూపారు. పక్క గడులనే కాకుండా, ఫొటోలో దూరంగా ఉన్నా ఒకే పోలికతో ఉన్న భాగాలన్నిటినీ కలిపి సగటు తీయడం. 2023లో అడోబీ లైట్‌రూమ్‌లో కృత్రిమ మేధతో నాయిస్ తీసే సౌకర్యం వచ్చింది.

అంగారకుడి ముఖం

1976 జూలై 25న వైకింగ్ 1 అంగారకుడి మీద ఒక కొండను ఫొటో తీసింది. కొండ అచ్చం మనిషి ముఖంలా ఉంది! ఫొటో నిండా నల్ల చుక్కలు. అవి సమాచారం సరిగ్గా అందక ఏర్పడినవి. వాటిలో ఒకటి సరిగ్గా ముక్కుపుటం ఉండాల్సిన చోట పడింది. ఇది నీడల మాయ అని నాసా అప్పుడే చెప్పినా, అక్కడ ఎవరో ముఖం చెక్కారని చాలామంది ఏళ్ళ తరబడి నమ్మారు. 1998లోనూ 2001లోనూ మార్స్ గ్లోబల్ సర్వేయర్ దగ్గరనుంచి మరింత స్పష్టమైన ఫొటోలు తీశాక అది మామూలు కొండేనని తేలిపోయింది. తేల్చింది చుక్కలు చెరిపే సాఫ్ట్‌వేర్ కాదు, ఇంకా మంచి ఫొటోలు.

ఇందులో రెండో వైపు కూడా ఉంది. నాయిస్ లేని ముక్కును చూపించినట్టే, నాయిస్ తీసెయ్యడం ఉన్న అక్షరాన్ని చెరిపెయ్యగలదు. చీకటి గుడిలో ఉన్న పాత తెలుగు శాసనాన్ని ఫొటో తీశామనుకోండి. అరిగిపోయిన సున్న సాఫ్ట్‌వేర్‌కు ఒక చుక్క మాత్రమే. దాన్ని తుడిచేస్తే "పంట" కాస్తా "పట" అవుతుంది. ఒత్తు పోతే "ఫలం" "పలం" అవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదు కదా! మన ఊళ్ళలో పాత తెలుగు రాతలు, తాతల నాటి ఫొటోలు ఇప్పుడిప్పుడే ఫోన్లలోకి ఎక్కుతున్నాయి. అందంగా కనబడాలని నున్నగా చేసి, అసలు ఫొటోను తీసెయ్యడం అంటే సాక్ష్యాన్ని పోగొట్టుకోవడమే.

నేర్చుకునేవాళ్ళు గుర్తుంచుకోవలసినవి

మొదట అసలు ఫొటోకు నకలు తీసుకుని నకలు మీదే పని చెయ్యాలి. ఫొటోను నూరు శాతం సైజులో చూస్తూ ముందు రంగు చుక్కలను తగ్గించాలి. వెలుగునీడల చుక్కలను తరువాత కొంచెం కొంచెంగా తగ్గించాలి. ముఖం మైనపు బొమ్మలా అయితే హద్దు దాటినట్టే. కదలని వస్తువైతే ఒకే చోటినుంచి 16 ఫొటోలు తీసి సగటు చేస్తే నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది, వివరాలు పోవు. ఏమేమి మార్చామో ఒక చీటీలో రాసి పెట్టాలి.

బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు గింజలు కూడా పారేస్తే ఏరి లాభం లేదు. ఏది రాయో, ఏది గింజో చూసి చెప్పవలసింది మనమే. అందుకే చుక్కలున్న పాత ఫొటోనైనా సరే, ముందు దాచిపెట్టి ఆ తరువాత బాగుచేద్దాం.