షామియానా కుట్టే చేతులు: థెస్సలొనీకకు వెళ్ళిన మొదటి ఉత్తరం

ఈ ఎపిసోడ్‌లో ఒక ఉత్తరం గురించి మాట్లాడుకుందాం. ఫోన్‌లో చదివితే పది నిమిషాలు చాలు. అయిదు అధ్యాయాలు, 89 వచనాలు, అంతే. అసలు రాసినప్పుడు ఆ అధ్యాయాలూ లేవు, ఆ నంబర్లూ లేవు. వచనాల నంబర్లు 1551లో వచ్చాయి. అంటే మనం స్టేటస్‌లో పెట్టుకునే ఒక్కో వచనం ఒకప్పుడు విడిగా ఉండేది కాదు, ఉత్తరం మధ్యలో ఒక మాట.

థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక ఇది. బైబిల్ యాప్‌లో బాగా కిందికి స్క్రోల్ చేస్తేగానీ రాదు కాబట్టి చివర్లో రాసిందేమో అనుకుంటాం. కానీ పౌలు పత్రికల్ని దాదాపు పొడవును బట్టి పేర్చారు, తేదీని బట్టి కాదు. ఎక్కువమంది పండితుల లెక్కలో, మన చేతికి అందిన క్రైస్తవ రాతలన్నిట్లో పాతది ఇదే. నాలుగు సువార్తలూ దీని తర్వాతే వచ్చాయి.

తేదీ ఎలా తెలిసింది అంటారా? ఒక రాయి చెప్పింది. గ్రీసులో డెల్ఫీ అనే చోట క్లౌదియ చక్రవర్తి ఉత్తరం ఒకటి రాతి మీద చెక్కి, ముక్కలు ముక్కలుగా దొరికింది. 1905లో మొదటి ముక్కల్ని ప్రచురించారు. అందులో గల్లియో అనే ఆయన పేరుంది. అకయ రాష్ట్రానికి ప్రొకాన్సుల్, మన భాషలో గవర్నర్ అనుకోండి. తత్వవేత్త సెనెకాకి సొంత అన్న. చక్రవర్తి బిరుదుల లెక్కను బట్టి ఆ రాయి క్రీ.శ. 52 ప్రాంతం నాటిదని తేల్చారు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో, కొరింథులో పౌలుని లాక్కొచ్చి నిలబెట్టింది ఈ గల్లియో ముందే. అక్కడ పౌలు ఏడాదిన్నర ఉన్నాడని కూడా అదే అధ్యాయం చెబుతుంది. రెండూ కలిపి చూస్తే ఈ ఉత్తరం క్రీ.శ. 50 లేదా 51లో కొరింథు నుంచి బయల్దేరింది. సిలువ జరిగి అప్పటికి ఇరవై ఏళ్ళు అటూ ఇటూ.

ఇప్పుడు ఊరు సంగతి. థెస్సలొనీక పెద్ద ఓడరేవు. అలెగ్జాండర్ సేనాని కొడుకు కస్సాండర్ క్రీ.పూ. 315 ప్రాంతంలో కట్టించి తన భార్య పేరు పెట్టాడు. ఆవిడ అలెగ్జాండర్‌కి చెల్లెలు, తల్లులు వేరు. రోమన్ల కాలంలో మాసిదోనియ రాష్ట్రానికి అదే రాజధాని. సైన్యాలూ సరుకులూ నడిచే వయా ఎగ్నాటియా అనే పెద్ద రోడ్డు ఆ ఊరి మీదుగానే పోతుంది. పౌలు, సీల, తిమోతి ఆ రోడ్డు మీద ఫిలిప్పీ నుంచి సుమారు 150 కిలోమీటర్లు వచ్చి అక్కడ దిగారు. పౌలు, సీల అయితే ఫిలిప్పీలో బెత్తం దెబ్బలు తిని, జైల్లో పడి, ఆ దెబ్బలతోనే వచ్చారు.

ఎన్నాళ్ళున్నారో గానీ ఎక్కువ కాలం కాదు. గొడవ లేచింది. ఇంట్లో చోటిచ్చిన యాసోను అనే మనిషిని గుంపు అధికారుల దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ఆ అధికారుల్ని లూకా 'పొలిటార్కులు' అంటాడు. గ్రీకు పుస్తకాల్లో దాదాపు కనబడని మాట అది, అందుకని లూకా పొరపాటు రాశాడనేవాళ్ళు ఉండేవారు. తర్వాత అదే ఊరి వార్దర్ ద్వారం మీద అదే మాట చెక్కి ఉన్నట్టు బయటపడింది. 1876లో ఆ ద్వారాన్ని కూల్చేశారు, రాయి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. యాసోను దగ్గర జామీను తీసుకుని వదిలేశారు. పౌలు రాత్రికి రాత్రే ఊరు దాటాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనం ఎప్పుడూ పౌలు వెంట వెళ్ళిపోతాం. బెరయ, ఏథెన్సు, కొరింథు అని మ్యాప్ గీసుకుంటూ. ఊళ్ళో మిగిలిపోయినవాళ్ళ మాటేంటి? నిన్న మొన్న నమ్మినవాళ్ళు. చర్చి బిల్డింగ్ లేదు, కొత్త నిబంధన అనే పుస్తకమే ఇంకా లేదు, చెప్పిన మనిషి పారిపోయాడు. పక్కింటివాళ్ళు రోజూ చూస్తుంటారు. పౌలుకి ఆ దిగులు ఆగలేదు. ఏథెన్సు నుంచి తిమోతిని వెనక్కి పంపాడు. ఇప్పటి రోడ్డు లెక్కలో అది 500 కిలోమీటర్లు. ప్రభుత్వ టపా ప్రభుత్వానికే, మామూలు జనం ఉత్తరం మనిషి మోయాల్సిందే. తిమోతి తిరిగొచ్చి 'వాళ్ళు నిలబడే ఉన్నారు' అని చెప్పాకే ఈ ఉత్తరం పుట్టింది. మూడో అధ్యాయం చదివితే ఆ ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది.

సరే, ఆ మిగిలిపోయినవాళ్ళకి పౌలు ఏం చెప్పాడు? నాకు ఈ ఎపిసోడ్ చేయాలనిపించింది అందుకే.

నాలుగో అధ్యాయంలో ఒక మాట ఉంది. నెమ్మదిగా బతకండి, మీ సంగతి మీరు చూసుకోండి, మీ చేతులతో పని చేసుకోండి అన్న అర్థంలో. చదివి దాటిపోతాం. ఇదేం గొప్ప ప్రవచనం, మా అమ్మ కూడా చెబుతుంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది. అయితే గ్రీకులో 'నెమ్మదిగా ఉండటానికి' అనే మాటకి ముందు వాడిన క్రియకి 'గౌరవం కోసం పోటీపడటం' అనే అర్థం ఉంది. పేరు కోసం పెద్దవాళ్ళు పడే ఆరాటాన్ని చెప్పే మాట అది. దాన్ని తీసుకొచ్చి చేతిపని పక్కన పెట్టాడు. వినేవాళ్ళలో కొందరైనా నవ్వి ఉంటారు.

ఎందుకంటే ఆ కాలంలో చేతిపని అంటే చిన్నచూపు. సిసెరో అనే రోమన్ పెద్దమనిషి ఉన్నాడు. కూలికి పనిచేసేవాళ్ళ బతుకు నీచమనీ, పనివాడి కొట్లో స్వేచ్ఛగల మనిషికి తగింది ఏదీ ఉండదనీ రాశాడు. ఇదే సిసెరోని క్రీ.పూ. 58లో రోము నుంచి వెళ్ళగొడితే నెలల తరబడి తలదాచుకుంది ఎక్కడో తెలుసా? థెస్సలొనీకలోనే. అక్కడి నుంచి ఏడుస్తూ రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. నూరేళ్ళు దాటాక అదే ఊరికి ఇంకో ఉత్తరం వచ్చింది. అందులో, మీకు భారం కాకూడదని మేం రాత్రీ పగలూ పనిచేశాం కదా, గుర్తుందా అని అడుగుతున్నాడు పౌలు. ఆయన డేరాలు కుట్టే పనివాడు. తోలో ముతక గుడ్డో, పెద్ద సూది, గట్టిదారం. ఆయన మాటలు చాలావరకు ఆ కొట్లోనే, కుడుతూనే చెప్పి ఉంటాడని కొందరు చరిత్రకారులు అంటారు. నాకు నమ్మబుద్ధేస్తుంది.

నాకెందుకు నమ్మబుద్ధేస్తుందో చెప్తాను. మా నాన్న టైలర్. పెళ్ళిళ్ళ సీజన్లో టెంట్ హౌస్‌వాళ్ళకి షామియానాలు కూడా కుట్టేవారు. ముతక గుడ్డ ఇల్లంతా పరుచుకుని ఉండేది, కాలు పెట్టడానికి చోటుండేది కాదు. కుడిచేతి వేళ్ళు కాయలు కాచి ఉండేవి. కాలేజీలో చేరినప్పుడు 'ఫాదర్ ఆక్యుపేషన్' అన్న చోట నేను 'బిజినెస్' అని రాశాను. తర్వాత యూత్ మీటింగుల్లో మైకు పట్టుకోవడం మొదలెట్టాక ఇంకో పిచ్చి పట్టింది. వాక్యం చెప్పేదే దేవుని పని, మిషను తొక్కేది పొట్టకూటి పని అని. డిగ్రీ అయిపోయాక రెండేళ్ళు ఏ పనీ చేయలేదు. నాన్న కుట్టిన డబ్బులతో తిరుగుతూ పని గురించి, సేవ గురించి జనానికి చెప్పేవాణ్ణి. ఆయన ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఈ ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన, నంబర్లు చూడకుండా చదివింది ఆ తర్వాత చాలా రోజులకి. థెస్సలొనీకలోనూ పని మానేసినవాళ్ళు ఉన్నారు. రెండో పత్రికలో ఆ సంగతి ఇంకా సూటిగా ఉంది. ఎందుకు మానేశారంటే రెండు ఊహలున్నాయి. ప్రభువు ఇవాళో రేపో వచ్చేస్తాడు, ఇంక పనెందుకు అనుకున్నారని ఒకటి. రోమన్ పట్టణాల్లో పొద్దున్నే డబ్బున్నవాడి గుమ్మం ముందు నిలబడి, దండం పెట్టి, వాడిచ్చింది తెచ్చుకుని, వాడి వెనకాల జై కొట్టే అలవాటు ఉండేది, దాన్ని వదల్లేకపోయారని ఇంకొకటి. పౌలు ఎవరి మీదా ఆధారపడొద్దన్నది చూస్తే నాకు రెండోదే ఎక్కువ సబబనిపిస్తుంది. నీ అన్నం నీదైతే నీ నోరూ నీదే అవుతుంది. పని మానేసినవాళ్ళకి వాడిన గ్రీకు మాట కూడా వరస తప్పిన సైనికుడికి వాడేది. అయినా వాళ్ళని వెలివేయమనలేదు. వాళ్ళకి బుద్ధి చెప్పండి, ధైర్యం చెడినవాళ్ళకి ధైర్యం చెప్పండి, బలంలేనివాళ్ళని పట్టుకోండి అని మనిషిని బట్టి వేరువేరుగా చెప్పాడు. అందరికీ ఒకే ప్రసంగం పనికిరాదని ఆయనకి తెలుసు.

తర్వాత చావు సంగతి. తిమోతి తెచ్చిన కబుర్లలో ఇది బాధాకరమైనది అయ్యుండాలి. ఊళ్ళో విశ్వాసుల్లో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేలోపే పోయారు కదా, మరి వాళ్ళ గతేంటి, వాళ్ళు దీన్నంతా పోగొట్టుకున్నట్టేనా? ఇరవై ఏళ్ళలోపు సంఘానికి వచ్చిన నిజమైన ప్రశ్న ఇది, ఎవరో సిద్ధాంతం కోసం అడిగింది కాదు. రోమన్ సమాధుల మీద ఒక వాడుక మాట ఉండేది: ముందు లేను, ఉన్నాను, ఇప్పుడు లేను, నాకేం పట్టింపు లేదు అని. ఎంత మామూలైపోయిందంటే పూర్తిగా చెక్కకుండా పొడి అక్షరాలు పెట్టేసేవారు. మనం ఇప్పుడు ఆర్.ఐ.పి. అని టైప్ చేసినట్టు. అలాంటి చోట పౌలు, పోయినవాళ్ళు వెనకబడరు, వాళ్ళే ముందు లేస్తారు అన్నాడు. ఆ తర్వాత అందరూ కలిసి ప్రభువుని ఎదుర్కోవడానికి వెళ్తారు. ఆ గ్రీకు మాట, ఊరికి పెద్దాయన వస్తుంటే జనం ఊరి బయటిదాకా ఎదురెళ్ళి తోడ్కొని రావడానికి కూడా వాడేది. మన పెళ్ళిళ్ళలో ఎదుర్కోలు లేదూ, మేళంతో వెళ్ళి పెళ్ళికొడుకువాళ్ళని తీసుకొస్తారే, అదే బొమ్మ కళ్ళముందుకి తెచ్చుకోండి.

మన దగ్గర సమాధి కార్యక్రమాల్లో ఈ భాగాన్ని తరచూ చదువుతారు. నాన్నని దించేటప్పుడూ ఇదే చదివారు. అప్పుడు బంధువుల్లో ఒకావిడ అమ్మ భుజం పట్టుకుని, 'ఏడవకూడదమ్మా, విశ్వాసులు ఏడవకూడదు, వాక్యం విన్నావుగా' అంది. మంచికే అనుకుంది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ కొంగు నాకింకా కనబడుతుంది. ఇంటికొచ్చాక యాప్ తీసి ఆ వచనం చూశాను. ఏడవొద్దని లేదు. ఆశ లేనివాళ్ళు ఏడ్చినట్టు కాదు అని ఉంది. ఏడుపు ఉంది, ఆశా ఉంది, రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. వచనంలో సగం వినిపించి సగం వదిలేస్తే ఎంత పని జరుగుతుందో ఆ రోజు చూశాను. అమ్మకి ఆ వచనం చదివి వినిపించింది మూడో రోజు. అప్పుడు ఏడ్చింది.

సగం వచనం అంటే ఇంకోటి కూడా చెప్పాలి, దాటేస్తే తప్పవుతుంది. రెండో అధ్యాయం చివర్లో పౌలు యూదుల గురించి చాలా కోపంగా రాసిన రెండు మూడు వచనాలున్నాయి. పౌలే యూదుడు, ఇంటివాడి కోపం అది. తర్వాతి శతాబ్దాల్లో అది బయటివాళ్ళ చేతికి చిక్కింది. ఇదే థెస్సలొనీక నుంచి 1943లో నాజీలు 45 వేలకు పైగా యూదుల్ని రైళ్ళలో ఆష్విట్జ్‌కి తోలారు. ఆ పని ఈ ఉత్తరం చేయలేదు. కానీ ఆ వచనాల్ని ఆ ఊరి పేరుతో చదివేటప్పుడు నేను గొంతు తగ్గిస్తాను.

అయిదో అధ్యాయం మన ఫోన్లకి రాసినట్టుంటుంది. కాలాల గురించీ సమయాల గురించీ మీకు రాయక్కర్లేదు అంటాడు. తేదీలు వేసి థంబ్‌నెయిల్ పెట్టేవాళ్ళకి ఈ వచనం ఎందుకు కనబడదో నాకర్థం కాదు. ప్రవచనాల్ని తీసిపారేయొద్దు అన్న వెంటనే, అన్నీ పరీక్షించండి, మంచిది పట్టుకోండి అన్నాడు. ఫార్వర్డ్ చేసేముందు అని చేర్చుకోండి.

ఆఖర్న ఒక వింత ఆజ్ఞ ఉంది. ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించాలని ప్రభువు పేరుతో ఒట్టు పెట్టించాడు. చదవడం వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి ఒకరు చదివితే మిగతావాళ్ళు వినాలి. కుట్టేవాళ్ళు, మోసేవాళ్ళు, దాసులు, ఆడవాళ్ళు, అందరూ. కొందరు పెద్దలు విని మిగతావాళ్ళకి సారాంశం చెప్పడం కుదరదు. మా అమ్మకి జరిగినట్టు జరగకూడదని కాబోలు.

ఆ ఉత్తరం విన్నవాళ్ళు ఏమయ్యారు? ఎక్కువమంది పేర్లే తెలియవు. ఇద్దరివి తెలుసు. కొన్నేళ్ళ తర్వాత పౌలుతో ప్రయాణం చేసినవాళ్ళలో థెస్సలొనీకవాళ్ళు అరిస్తార్కు, సెకుందు ఉన్నారని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం చెబుతుంది. 27వ అధ్యాయంలో పౌలుని ఖైదీగా రోముకి ఓడ ఎక్కిస్తారు. ఆ ఓడలో తోడుగా ఉన్నవాడి పేరు కూడా రాసి ఉంది. థెస్సలొనీకవాడైన అరిస్తార్కు.