ఇంటిపేరులోని ఊరు

బందరులో వలందపాలెమను పేట కలదు. హాలెండువారిని మన పూర్వులు వలందావారనిరి; పేటకు ఆ పేరు నిలిచినది. 1605లో వారు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి.

ఆ కాలమున డచ్చివారిలో చాలమందికి స్థిరమైన ఇంటిపేరు లేదు. 1611లో ఆంగ్లేయుల గ్లోబు నౌకలో బందరు చేరిన పీటర్ ఫ్లోరిస్ అంతకుముందు డచ్చి కంపెనీలో పనిచేసినవాడే. అతని అసలు పేరు పీటర్ విల్లెమ్స్ వాన్ ఎల్బింక్. విల్లెమ్స్ అనగా విల్లెమ్ కుమారుడు. వాన్ ఎల్బింక్ అనగా ఎల్బింగ్ ఊరివాడు. బాల్టిక్ సముద్రమునకు చేరువనున్న ఆ రేవు నేడు పోలెండులో ఉన్నది. తండ్రిపేరు, ఊరిపేరు రెండును ఆ ఒక్క పేరులో ఇమిడి యున్నవి. ఇట్టి పేర్లే తరతరములుగా నిలిచి ఇంటిపేర్లయినవి. నెపోలియను 1811లో చేసిన శాసనముతో అవి రిజిస్టరులకెక్కినవి.

మన ఇంటిపేర్లును పెక్కు ఇట్లే పుట్టినవి. కృష్ణాపత్రిక సంపాదకులైన ముట్నూరి కృష్ణారావుగారి ఇంటిపేరు చూడుడు. ముట్నూరు కృష్ణాజిల్లాలోని గ్రామము. 'ముట్నూరు' అనునది 'ముట్నూరి' అయినది. వ్యాకరణమున దీనిని ఔపవిభక్తికమందురు. డచ్చిభాషలో 'వాన్' చేయు పనిని మనకు ఒక్క ఇకారము చేయుచున్నది.

ముట్నూరులో నుండువానిని ముట్నూరివాడని ఎవరు పిలుతురు? ఊరు విడిచినప్పుడే ఆ పేరు అవసరమగును. కావున ఊరిపేరు గల ఇంటిపేరు పూర్వుల వలసకు గుర్తు. ఒకే ఊరినుండి వేర్వేరు కులములవారు వలసపోయిన అందరికిని అదే పేరు రావచ్చును. ఇంటిపేరు ఒకటైనంత మాత్రమున రక్తము ఒకటి కాదు.

వేరైనంత మాత్రమున రక్తము వేరును కాదు. చార్లెస్ డార్విను కుమారుడు జార్జి డార్విను 1875లో ఇంగ్లండున ఒకే ఇంటిపేరు గల కుటుంబముల మధ్య జరిగిన వివాహములను లెక్కించి, దగ్గరి సంబంధములెన్నియో అంచనా వేసెను. ఆ లెక్క మనకు చెల్లదు. ఇంటిపేరు తండ్రివైపునుండి మాత్రమే వచ్చును. మేనమామ కుమార్తె ఇంటిపేరు వేరు. అయినను తాత, అమ్మమ్మల ద్వారా సగటున ఎనిమిదవ వంతు జన్యువులు బావమరదండ్రకు ఉమ్మడి. లోపముగల జన్యువు ఇరువురిలోను దాగియున్నచో, అది బిడ్డలో వ్యాధిగా బయటపడవచ్చును.

పెండ్లిమాటలలో మన పెద్దలు మొదట ఇంటిపేరు అడుగుదురు. అది పూర్వుల ఊరు చెప్పును. తల్లివైపు చుట్టరికము చెప్పదు. దానిని వేరుగా విచారింపవలెను.