మైగ్రేషన్ అంటే వలసేనా?

మన ఉద్యోగాల్లో వారానికి పదిసార్లయినా వినబడే మాట మైగ్రేషన్. డేటాబేస్ మైగ్రేషన్, సర్వర్ మైగ్రేషన్, ఈమధ్య క్లౌడ్ మైగ్రేషన్. దీన్నే తెలుగు పేపర్లవాళ్ళు "వలస" అని రాసేస్తారు. మార్కాపురం, గిద్దలూరు వైపు జనానికి వలస అనేది పేపర్లో మాట కాదు, ఇంట్లో మాట. అందుకే నాకెప్పుడూ ఒక సందేహం. ఈ రెండూ ఒకటేనా?

ఇంగ్లీషు మాటకి మూలం లాటిన్. ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడం అని అర్థం, అంతే. మనుషులకీ, పక్షులకీ వాడి వాడి చివరికి మన పుణ్యమా అని డేటాకి కూడా తగిలించారు. మన వలస అలాంటిది కాదు. బ్రౌన్ దొర నిఘంటువు చూడండి, శత్రుసేనకి భయపడి ఇల్లూ ఊరూ వదిలి పోవడం అనే అర్థం కనబడుతుంది. అంటే వలసలో భయం ఉంది, తొందర ఉంది. ప్లాన్ మాత్రం లేదు. మైగ్రేషన్లో ప్లాన్ లేకపోతే మేనేజరు ఊరుకుంటాడా?

తమాషా ఏమిటంటే పశ్చిమ ప్రకాశంలో రెండూ జరిగాయి. ముందు మైగ్రేషన్ సంగతి చెప్తాను.

కంభం, మార్కాపురం ప్రాంతాన్ని నిజాం 1800లో మిగతా దత్తమండలాలతో కలిపి కంపెనీవాళ్ళకి ఇచ్చేశాడు. అప్పుడు కడప జిల్లాలో పెట్టారు. 1858లో కర్నూలు జిల్లాకి మార్చారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు కర్నూలు నుంచి తీసి అందులో కలిపారు. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2025 డిసెంబరు 31 నుంచి మార్కాపురమే ఒక జిల్లా అయింది. ఇన్నిసార్లూ ఏ ఊరూ అంగుళం కదల్లేదు. కదిలింది రికార్డులు. యూజర్ ఉన్నచోటే ఉన్నాడు, వెనకాల సర్వర్ మారింది. మన భాషలో అచ్చమైన మైగ్రేషన్ ఇదే.

మైగ్రేషన్ చేసినవాళ్ళకి తెలుసు, అసలు ప్రమాదం డేటా పోవడం కాదు. అది పోతే వెంటనే గోల మొదలవుతుంది. పాత టేబుల్లో ఉన్న ఒక కాలమ్‌కి కొత్త టేబుల్లో చోటు లేకపోవడమే ప్రమాదం. ఎర్రర్ రాదు, చప్పుడు ఉండదు, కొన్నేళ్ళకి గానీ బయటపడదు. 1970లో జరిగింది నా ఉద్దేశంలో ఇదే.

1928లో నంద్యాల సభలో దత్తమండలాలకి రాయలసీమ అని పేరు పెట్టేనాటికి మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. అంటే రాయలసీమవి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్ళలో ముందు వాటా రాయలసీమకీ, నెల్లూరుకీ ఇవ్వాలని రాసుకున్నారు. ఇక్కడ జాగ్రత్తగా చూడండి. ప్రకాశం జిల్లాకి కర్నూలు నుంచి వచ్చినవి మార్కాపురం, గిద్దలూరు. నెల్లూరు నుంచి వచ్చినవి కనిగిరి, పొదిలి, దర్శి వగైరా. ఆ మెట్ట ప్రాంతాలన్నీ శ్రీబాగ్ మాట కిందకి వచ్చేవే! గుంటూరు నుంచి వచ్చిన ఒంగోలు వైపు మాత్రమే రాదు. మూడూ కలిశాక జిల్లా మొత్తానికి కోస్తా అనే లేబుల్ పడింది. నీళ్ళలో ముందు వాటా అనే కాలమ్ చడీచప్పుడు లేకుండా డ్రాప్ అయిపోయింది.

"ఒంగోలు పెద్ద ఊరు, లాభమేగా?" అంటారేమో. గిద్దలూరు నుంచి ఒంగోలు దాదాపు 150 కిలోమీటర్లు. నంద్యాల అందులో సగం దూరం. కలెక్టరాఫీసులో ఒక సంతకం కావాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ వదులుకోవాల్సిందే.

ఇక నీళ్ళ సంగతి. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీలు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన అయింది. రెండు సొరంగాలు, ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్లు. 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు గ్రామాల పునరావాసం కూడా పూర్తి కాలేదు. 28 ఏళ్ళు! మన ప్రాజెక్టు 28 రోజులు స్లిప్ అయితే ఎన్ని మీటింగులు పెడతారో మీకు చెప్పక్కర్లేదు.

మైగ్రేషన్లో తేడా వస్తే జరిగేది వలసే. నీళ్ళు లేని పొలం వదిలి గుంటూరు వైపు మిర్చికోతలకి, హైదరాబాదులో, బెంగుళూరులో బిల్డింగు పనులకి పోవడం. ఆ బిల్డింగుల్లో కూర్చునే మనం క్లౌడ్ మైగ్రేషన్ గురించి మాట్లాడుకుంటాం. మనం కదిపే డేటాకి బ్యాకప్ ఉంటుంది, రోల్‌బ్యాక్ ఉంటుంది, అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తే మనిషి ఉంటాడు. వాళ్ళ వెంట పిల్లాడు కూడా పోతే వాడి చదువుకి రోల్‌బ్యాక్ ఎక్కడిది? ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట కావడం వల్ల ఈ తేడా కనబడకుండా పోతోంది. అందుకే వలసని వలస అనే అందాం, మైగ్రేషన్ని మైగ్రేషన్ అనే ఉంచుదాం.

ఇప్పుడు కొత్త జిల్లా వచ్చింది, సంతోషమే. గిద్దలూరు వాళ్ళకి ఆఫీసులు దగ్గరయ్యాయి. కానీ సర్వర్ దగ్గరకొచ్చినంత మాత్రాన పోయిన కాలమ్ తిరిగి రాదు, దాన్ని ఎవరో ఒకరు అడిగి పెట్టించాలి. మైగ్రేషన్ పూర్తయిందని సంతకం పెట్టేముందు మనం టెస్టింగ్ చేస్తాం కదా. ఇక్కడ టెస్ట్ కేసు ఒక్కటే. మిర్చికోతలకి పోయే జనం తగ్గారా, లేదా?