దోపిడీ తాకని రెండు ఇళ్లు: సూరత్, 1664

1664 జనవరిలో శివాజీ సేన సూరత్ నగరం మీద పడి నాలుగు రోజులపాటు కొల్లగొట్టింది. నగర పాలకుడు ఇనాయత్ ఖాన్ కోటలో తలదాచుకున్నాడు. ఇంగ్లీషువారి, డచ్చివారి వర్తక స్థావరాలను వాళ్ల తుపాకులు కాపాడాయి. ఏ ఆయుధమూ లేకుండానే రెండు ఇళ్లు బయటపడ్డాయి. ఒకటి కపుచిన్ క్రైస్తవ సన్యాసుల మఠం. రెండోది అప్పటికే కన్నుమూసిన ఒక హిందూ దళారి ఇల్లు.

తపతీ నది ఒడ్డునున్న సూరత్ మొగల్ సామ్రాజ్యానికి ముఖ్యమైన రేవు. హజ్ యాత్రికుల ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరేవి. ఇంగ్లీషువారు 1613లో ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. వీర్జీ వోరా వంటి వర్తకులు వాళ్లకే అప్పులిచ్చేవారు. హుండీలనే చెల్లింపు పత్రాల మీద నడిచే ఊళ్లో మాటకు విలువ పోతే వ్యాపారం కూడా పోయినట్టే. దానధర్మాలు వర్తకుడి మంచిపేరులో భాగం. జైన, వైష్ణవ వర్తకులు ముసలి పశువులకూ జబ్బుపడ్డ వాటికీ ఆశ్రయాలు నడిపేవారు. 1689లో సూరత్ వచ్చిన ఇంగ్లీషు మతగురువు జాన్ ఓవింగ్టన్, ఆవులకూ గుర్రాలకూ మేకలకూ కుక్కలకూ అక్కడున్న వైద్యశాలను తన పుస్తకంలో వర్ణించాడు.

అలాంటి ఊరికి 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి కపుచిన్ పాద్రీలు వచ్చారు. కపుచిన్లు 16వ శతాబ్దపు ఇటలీలో ఫ్రాన్సిస్కన్ సంఘం నుంచి చీలిన శాఖ. ముతక అంగీ, నడుముకు తాడు, వీపున వేలాడే కోసుదేలిన టోపీ వాళ్ల వేషం. ఆ టోపీ వల్లే ఆ పేరు వచ్చింది. సొంత ఆస్తి ఉండకూడదన్నది నియమం. సూరత్ మఠానికి పెద్దగా ఉన్నవాడు ఆంబ్రోజ్.

ఆంబ్రోజ్ పనితీరు 1666లో సూరత్ చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో రాతల్లో కనిపిస్తుంది. ఊళ్లోని క్రైస్తవుల తగాదాలు చాలావరకు ఆయనే తీర్చేవాడు. దారి తప్పిన క్రైస్తవుణ్ణి జైల్లో పెట్టించడానికీ వెనుకాడేవాడు కాదు. విడిపించమని ఎవరైనా కొత్వాలు (నగర రక్షణాధికారి) దగ్గరికి వెళితే, అది తన చేతిలో లేదని అతను వాళ్లను పాద్రీ దగ్గరికే పంపేవాడు. మరీ అవసరమైతే కొత్వాలే పాద్రీకి సిఫారసు చేసేవాడు. అలా విడుదలైన ఒకణ్ణి, పాద్రీకి కోపం తెప్పించినందుకు కొత్వాలు గట్టిగా మందలించడం తెవెనో కళ్లారా చూశాడు. ఈ పలుకుబడి క్రైస్తవులకే పరిమితం కాలేదు. చిన్న తప్పుకు జైలుకు తీసుకుపోతున్న ఒక హిందువును ఆంబ్రోజ్ అడిగి విడిపించాడు. తెవెనో దానికీ సాక్షి.

దాడి జరిగిన నాడు ఆ పలుకుబడికి అసలు పరీక్ష వచ్చింది. శివాజీ విడిది బుర్హాన్‌పూర్ దర్వాజా బయట తోటలో ఉంది. సొమ్ము దాచారని అనుమానం వచ్చినవారికి అక్కడ కఠిన శిక్షలు పడుతున్నాయని, బందీగా పట్టుబడ్డ ఇంగ్లీషు ఉద్యోగి ఆంథొనీ స్మిత్ తర్వాత చెప్పాడు. మొదటి రోజు సాయంత్రమే ఆంబ్రోజ్ శివాజీ దగ్గరికి వెళ్లాడని తెవెనో రాశాడు. ఊళ్లోని పేద క్రైస్తవుల ఒంటి మీద మాత్రం చేయి పడనీయవద్దని ఆయన వేడుకున్నాడు. శివాజీ ఆయన్ను గౌరవించి, అడిగినది ఒప్పుకుని, మఠం జోలికి పోవద్దని ఆజ్ఞ ఇచ్చాడు. కొల్లగొట్టేవారు ఆ గుమ్మం దాకా వచ్చి, దాటి వెళ్లిపోయారు.

ఆ రోజుల్లోనే భారతదేశంలో ఉన్న మరో ఫ్రెంచివాడు, వైద్యుడు బెర్నియర్ ఇదే సంగతి రాశాడు. ఫిరంగి (ఐరోపా) పాద్రీలు మంచివాళ్లని శివాజీ అన్నట్టు ఆయన చెబుతాడు. దానికి ఆయన మరో సంగతి జోడించాడు. డచ్చివారికి దళారిగా పనిచేసి చనిపోయిన హిందువు ఒకడు బతికున్నప్పుడు దానధర్మాలు బాగా చేశాడని తెలిసి, అతని ఇంటినీ శివాజీ వదిలేశాడు.

దళారికి డబ్బుంది, దాన్ని దానం చేశాడు. పాద్రీకి డబ్బు లేదు. అధికారుల దగ్గర తన మాటకున్న చెల్లుబాటునే ఆపదలో ఉన్నవాడి కోసం ఖర్చుపెట్టాడు. పొరుగువాణ్ణి ప్రేమించాలన్న క్రైస్తవ బోధ సూరత్‌లో ఆచరణకు వచ్చిన తీరు అది. తెలుగులో పరపతి అంటే పలుకుబడీ, అప్పు పుట్టే నమ్మకమూ కూడా. వర్తకుల ఊరు సూరత్‌లో ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు. అందుకే ఇద్దరి మతాలు వేరైనా, వాళ్ల గడపల దగ్గర ఒకే లెక్క పనిచేసింది.