చేతులతో చదువు: ఇసుక బడి నుంచి జాదుయీ పిటారా దాకా

మూడేళ్ళ బిడ్డ చేతికి ముందు ఏమివ్వాలి, బలపమా, మట్టిముద్దా? అరుగు మీద తేలిపోయే ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ దీని మీద మూడున్నర శతాబ్దాలుగా గ్రంథాలు వెలువడ్డాయి, ఒక రాజ్యం నిషేధాజ్ఞ జారీ చేసింది, ఉద్యమాలు సముద్రాలు దాటాయి. ఆ దారి పొడవునా వెనుదిరిగి చూస్తే ఒక క్రమం పదేపదే కనబడుతుంది. ఎవరో ఒకరు పిల్లల చేతికి పని అప్పగిస్తారు. పిల్లలు కళకళలాడతారు. అది చూసి వ్యవస్థ ఆ పద్ధతిని నెత్తికెత్తుకుంటుంది. కొన్నేళ్ళు తిరిగేసరికి వస్తువులు మిగులుతాయి, వాటితో ఆడుకునే స్వేచ్ఛ మాయమవుతుంది. మళ్ళీ మరొకరు మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇసుక ప్రయాణం

తెలుగునాట వీధిబడి చదువు ఇసుకతో మొదలయ్యేది. నేల మీద ఇసుక పరచి, పిల్లవాడి వేలు పట్టి పంతులుగారు ఓనమాలు దిద్దించేవారు. అక్షరం కంటికంటే ముందు వేలికి తెలిసేది. అంతవరకే. ఆపైన వల్లెవేత, బెత్తం, కోదండం. చేతికి అసలైన పని బడి బయట దొరికేది. బొమ్మరిళ్ళు కట్టి గుజ్జనగూళ్ళు వండుకోవడం, అచ్చనగాయలు ఎగరేసి పట్టడం, వామనగుంటల్లో చింతగింజలు పంచుకుంటూ పోవడం: లెక్క, అంచనా, వంతు, మాట అన్నీ అందులో ఉండేవి. పెద్దలు మాత్రం దాన్ని చదువు అనుకోలేదు.

1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని చేపట్టిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాధికారి, ఒక దేశీ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. తన దగ్గరా అలాగే చేయించమంటే ఉపాధ్యాయులు మొరాయించారు. ఎనిమిదేళ్ళ కుర్రాడి చేత చిన్నపిల్లలకు నేర్పించి పని కానిచ్చాడు. 1797లో ఆ అనుభవాన్ని లండన్‌లో అచ్చువేశాక ఇసుక పళ్ళేలు ఇంగ్లండు పేదపిల్లల బడులకు చేరాయి. అక్కడ పిల్లలు వరసలు కట్టి, ఆజ్ఞ వినగానే వేలు కదిపి, ఆజ్ఞ వినగానే ఇసుక చదును చేసేవారు. మన వీధిబడి ఇసుక సముద్రం దాటి కవాతు అయింది.

పుస్తకం కంటే ముందు లోకం

యూరప్‌లో ఈ ఆలోచనకు తొలి బలమైన గొంతు విద్యావేత్త కొమీనియస్. 1658లో న్యూరెంబర్గులో అచ్చయిన ఆయన బొమ్మల పుస్తకం ‘ఆర్బిస్ పిక్టస్’ అక్షరాలను జంతువుల అరుపులతో పరిచయం చేసింది. ఇంద్రియాల గుండా రానిది బుద్ధికి అందదని ఆయన వాదం. 1762లో తత్వవేత్త రూసో ‘ఎమీల్’ రాసి, పుస్తకాలను పసితనం నుంచి వీలైనంత దూరం జరపమన్నాడు. రూసో కాగితం మీద చెప్పినదాన్ని స్విట్జర్లాండులో పెస్టలోజీ బడిలో చేసి చూపించాడు. 1805 నుంచి ఇవెర్డన్‌లో ఆయన నడిపిన సంస్థకు యూరప్ నలుమూలల నుంచీ ఉపాధ్యాయులు వచ్చేవారు. తల, హృదయం, చేయి మూడూ కలిసి ఎదగాలన్నది అక్కడి సూత్రం.

1816లో స్కాట్లండులోని న్యూ లానార్క్ నూలు మిల్లులో యజమాని రాబర్ట్ ఓవెన్ కార్మికుల పసిపిల్లల కోసం బడి తెరిచాడు. పుస్తకాలతో విసిగించకూడదు, కొట్టకూడదు, ఆట, పాట, నాట్యం, చుట్టూ ఉన్న వస్తువుల మీద మాటామంతీ ఉండాలి అన్నవి ఆయన నియమాలు. పదేళ్ళు గడిచేసరికి శిశు బడులు బ్రిటన్ అంతటా పాకాయి. వాటితోపాటు మెట్లమెట్లుగా కట్టిన గ్యాలరీలూ వచ్చాయి. పసివాళ్ళు ఆ మెట్ల మీద బారులు తీరి కూర్చుని, టీచరు చూపిన వస్తువు పేరు ఏకకంఠంతో వల్లించేవారు. వస్తువు టీచరు చేతిలోనే ఉండిపోయింది.

ఫ్రోబెల్ తోట

ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1782లో జర్మనీలోని తురింగియా ప్రాంతంలో పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. కుర్రతనంలో అటవీ పని నేర్చుకున్నాడు. 1808 నుంచి రెండేళ్ళు ఇవెర్డన్‌లో పెస్టలోజీ దగ్గర ఉన్నాడు. ఆ తరువాత బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో సహాయకుడిగా స్ఫటికాలను వేరుచేసి అమర్చే పని చేశాడు. అడవి, పెస్టలోజీ, స్ఫటికం: ఆయన బడిలో ఈ మూడూ కనిపిస్తాయి.

1837లో బ్లాంకెన్‌బర్గులో పసిపిల్లల కోసం సంస్థ పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. అక్కడ పిల్లలకిచ్చే ఆటవస్తువులను ‘కానుకలు’ అన్నాడు. మొదటి కానుక రంగురంగుల ఉన్ని బంతులు. రెండోది కొయ్య గోళం, స్తూపం, ఘనం. మూడోది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే పెద్ద ఘనం. విడదీయవచ్చు, కుర్చీగా, వంతెనగా పేర్చవచ్చు, మళ్ళీ ఒక్కటి చేయవచ్చు. కానుకల తరువాత పనులు: కాగితం మడవడం, కాగితపు పట్టీలు అల్లడం, బంకమట్టితో బొమ్మలు చేయడం, నానబెట్టిన బఠానీలకు పుల్లలు గుచ్చి ఆకారాలు కట్టడం. ప్రతి బిడ్డకూ తోటలో సొంత మడి, దాని పక్కనే అందరి ఉమ్మడి మడి ఉండేవి.

1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. అవి నాస్తికత్వాన్నీ, సోషలిజాన్నీ నూరిపోస్తున్నాయని అభియోగం. ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ రాసిన రచనలను అధికారులు ఈయనకు అంటగట్టారు. పొరపాటు అని మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. మరుసటి ఏడాది ఫ్రోబెల్ కన్నుమూశాడు. నిషేధం 1860 దాకా తొలగలేదు. ఈలోగా ఆయన శిష్యురాళ్ళు దేశాలు దాటారు. 1856లో మార్గరెట్ షుర్జ్ అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక కిండర్‌గార్టెన్ తెరిచింది. 1873లో సెయింట్ లూయిస్‌లో సూసన్ బ్లో దాన్ని ప్రభుత్వ బడిలోకి తెచ్చింది. 1876లో టోక్యోలోనూ ఒకటి మొదలైంది. అదే ఏడు ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ కానుకలు చూసి ఒక తల్లి కొడుకు కోసం కొన్నది. ఆ కొడుకు ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ కొయ్యముక్కలు తన వేళ్ళలో జీవితాంతం ఉండిపోయాయని ఈ మహా వాస్తుశిల్పి వృద్ధాప్యంలోనూ చెప్పుకున్నాడు.

కానుకలు ఫ్యాక్టరీ సరుకయ్యాక ఆట పలచబడింది. ఏ ముక్క ఎప్పుడు తీయాలో, ఎటు జరపాలో టీచరు ఆజ్ఞలిచ్చేది. గళ్ళు గీసిన బల్లల ముందు పిల్లలు ఆ ప్రకారం కదిపేవారు. సూదితో కాగితం మీద సన్నని రంధ్రాలు పొడిచే పని పసికళ్ళకూ వేళ్ళకూ చేటని మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ విమర్శించాడు. కిండర్‌గార్టెన్ ఉపాధ్యాయురాలు ప్యాటీ స్మిత్ హిల్ చిన్న ఘనాలను పక్కనపెట్టి, పిల్లలు లోపల దూరి ఆడుకునేంత ఇళ్ళు కట్టగల పెద్ద కొయ్యదిమ్మలు తెచ్చింది.

శాన్ లొరెంజో నుంచి అడయారు దాకా

1907 జనవరి 6న రోమ్ పేదవాడ శాన్ లొరెంజోలో మరియా మాంటిస్సోరి బాలల ఇల్లు తెరిచింది. అవకాశం వచ్చిన తీరు విచిత్రం. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు కొత్తగా బాగుచేసిన భవనాల గోడలు పాడుచేస్తున్నారని ఇళ్ళ కంపెనీ వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టాలనుకుంది. వైద్యురాలైన మాంటిస్సోరి అంతకుముందే మానసిక వైకల్యమున్న పిల్లల కోసం ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగాన్‌ల పద్ధతులు ప్రయోగించి ఉంది. వాటినే ఇక్కడి పిల్లలకిచ్చి చూసింది. మూడేళ్ళ పాప ఒకతె కొయ్య గుంతల్లో స్తూపాలు అమరుస్తూ, చుట్టూ పాటలు పాడినా తలెత్తకుండా అదే పని నలభైసార్లకు పైగా చేసింది. పిల్లలకు ఏకాగ్రత లేదన్న మాట అక్కడ వీగిపోయింది. తప్పు చేస్తే స్తూపం గుంతలో పట్టదు. టీచరు దిద్దనక్కర్లేదు, వస్తువే చెబుతుంది. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు నడిపిస్తూ పిల్లలు రాత నేర్చారు. మన ఇసుక ఓనమాల పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె మద్రాసు అడయారు చేరింది. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో శత్రుదేశపు పౌరురాలైంది. కొడుకు మారియోను కొన్నాళ్ళు నిర్బంధించారు. ఆమె మాత్రం శిక్షణ తరగతులు ఆపలేదు. అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ ఆమె దగ్గర నేర్చుకున్నవారు దేశమంతా బడులు పెట్టారు. ఇప్పుడు మన ఊళ్ళలో ఆమె పేరు లేని వీధి లేదు. ఆమె స్తూపాలున్న బడి మాత్రం అరుదు.

మీసాల తల్లి, అంగణపు బడి

గుజరాత్‌లో వకీలు గిజుభాయి బధేకా కొడుకు పుట్టాక మాంటిస్సోరిని చదివి వృత్తి మార్చుకున్నాడు. 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. ఆట, కథ, నాటకం, నడక ఆయన పాఠ్యప్రణాళిక. జనం ఆయన్ను మీసాల తల్లి అన్నారు. ఆయన పుస్తకం ‘దివాస్వప్న’ ‘పగటికల’గా మన ఉపాధ్యాయులకు పరిచితం. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనిని చదువు కేంద్రంలో పెట్టమన్నాడు. 1945 నాటికి నయీ తాలీం అనే ఆ విధానం పసిపిల్లల దాకా విస్తరించింది.

గిజుభాయితో పనిచేసిన తారాబాయి మోదక్ ఆ చదువును పేదల గుమ్మంలోకి తెచ్చింది. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, తరువాత కోస్‌బాడ్‌లో అనూతాయి వాఘ్‌తో కలిసి గిరిజన పిల్లల మధ్య పనిచేసింది. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళింది. పశువులు కాసే పిల్లల కోసం పచ్చికబయలుకు వెళ్ళింది. ఖరీదైన మాంటిస్సోరి సామగ్రి బదులు గులకరాళ్ళు, గవ్వలు, గింజలు, ఆకులు వాడింది. ఈ చరిత్ర అంతటిలో మనం ఎక్కువగా నేర్చుకోవలసింది ఈవిడ దగ్గరే.

అంగన్‌వాడీ, కాన్వెంటు

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరు సేవలు పెట్టుకుంది. పూర్వ ప్రాథమిక విద్య వాటిలో ఒకటి. ఇప్పుడు ఆ పథకం కింద దేశంలో అంగన్‌వాడీలు సుమారు 14 లక్షలు. తల్లులకు తిండి, బిడ్డలకు టీకా, తూకం, సర్వే, రిజిస్టర్లు పోగా ఒక్క కార్యకర్తకు ఆటకు మిగిలే సమయం తక్కువ. మరోవైపు ఊరూరా కాన్వెంట్లు లేచాయి. ఎల్‌కేజీ పిల్ల నాలుగు గీతల పుస్తకంలో రాతలు నింపితేనే ఫీజు గిట్టుబాటైనట్టు తల్లిదండ్రులు భావించారు. 1993లో యశ్‌పాల్ కమిటీ నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు పెట్టవద్దని, ఈ బడులను చట్టంతో అదుపులో పెట్టాలని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం మాత్రం ఆరేళ్ళ వయసు దగ్గర గీత గీసుకుంది.

పరిశోధన చెప్పేది ఈలోగా స్పష్టమైంది. ఒకే నీళ్ళను సన్నని గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయని నాలుగేళ్ళ పిల్లలు అంటారని మనస్తత్వవేత్త పియాజే చూపించాడు. మాటతో చెప్పి ఆ వయసును ఒప్పించలేం, పోసి చూసుకోవాలి. 1960లలో అమెరికాలోని ఇప్సిలాంటిలో 123 మంది పేద నల్లజాతి పిల్లలపై పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం జరిగింది. ఏం చేయాలో పిల్లలే అనుకోవడం, చేయడం, చేసింది చెప్పడం అక్కడి దినచర్య. ఆ బడికి వెళ్ళినవారు వెళ్ళనివారి కంటే నలభయ్యో ఏట ఎక్కువ సంపాదిస్తున్నారని, తక్కువసార్లు అరెస్టయ్యారని తేలింది.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా చేసింది. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, పజిళ్ళు, తోలుబొమ్మలు, కార్డులతో ‘జాదుయీ పిటారా’ అనే ఆట సామగ్రి పెట్టె విడుదలైంది. మన అంగన్‌వాడీల్లో పీపీ-1, పీపీ-2 అనే పూర్వ ప్రాథమిక తరగతులు వచ్చాయి. బొమ్మలతో బోధన అనే మాట ప్రభుత్వ పత్రాల్లోకి ఎక్కింది. కొండపల్లి, ఏటికొప్పాక ఉన్న నేలకు ఇది కొత్త పాఠమేమీ కాదు.

చరిత్ర చెప్పే హెచ్చరిక మాత్రం మరవరాదు. బొమ్మ విరిగితే లెక్క ఎవరు చెప్పాలన్న భయంతో పెట్టె బీరువాలో ఉండిపోవచ్చు. కాన్వెంటులో ‘యాక్టివిటీ’ అంటే ఎర్ర గౌనుతో రెడ్ డే, చేతిలో టమాటా, వాట్సాప్ గ్రూపులో ఫొటో. ‘ప్రాజెక్టు’ అంటే రాత్రి పదకొండింటికి అమ్మ చేసిన థర్మకోల్ ఇల్లు. ఫ్రోబెల్ కానుకలకు పట్టిన గతి ఇదే.

ఇన్ని ఉద్యమాల తరువాత లోటు పద్ధతుల్లో లేదు, సామగ్రిలో అంతకన్నా లేదు. పిల్లవాడు తప్పు చేసి, విరగ్గొట్టి, మళ్ళీ పేర్చుకునేంత సేపు పెద్దవాళ్ళు ఓపిక పట్టకపోవడంలోనే ఉంది. అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డను చేర్చే ముందు గోడల మీది చార్టులు చూసి మురిసిపోకండి. ఆటవస్తువుల అర పిల్లల చేతికందే ఎత్తులో ఉందో లేదో, దానికి తాళం వేసి ఉందేమో చూడండి. పిల్లలు రోజుకు ఎంతసేపు వాటిని ముట్టుకుంటారో టీచరుని అడగండి. జవాబు గంట కంటే తక్కువైతే మరో బడి వెతకండి.