మసి, సిరా: తెలుగు వ్రాతప్రతుల పాఠనిర్ణయం

తెలుగు వ్రాతప్రతులను గురించి చర్చించేటప్పుడు ఆకు, గంటం, లేఖకుడు ప్రస్తావనకు వస్తారు. అక్షరానికి నలుపునిచ్చిన ద్రవ్యంపై దృష్టి పడటం తక్కువ. పాఠనిర్ణయంలో దానికీ స్థానముందని చూపడం ఈ వ్యాసోద్దేశం.

లేఖనానికి సంబంధించిన సంస్కృత శబ్దాలలో రెండు క్రియలు కనిపిస్తాయి. 'లిఖ్' ధాతువుకు గీరడం అని అర్థం. 'లిపి' శబ్దాన్ని పూయడం అనే అర్థంగల 'లిప్' ధాతువుతో సంప్రదాయం ముడిపెట్టింది. అశోకుని షాబాజ్‌గఢీ శాసనంలోని 'దిపి' రూపాన్ని బట్టి అది ప్రాచీన పారసీకం నుండి వచ్చిందని భాషావేత్తలు భావిస్తారు. వ్యుత్పత్తి ఏదైనా, ఈ రెండు పద్ధతులూ మన దేశంలో ఉన్నవే. నేపాల్, బెంగాల్ ప్రాంతాలలో తాళపత్రంపై సిరాతో వ్రాశారు. తెలుగు, తమిళ, ఒడియా ప్రాంతాలలో గంటంతో గీశారు.

గీసిన అక్షరానికి మొదట రంగు లేదు. దీపపు మసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి పత్రంపై రుద్ది తుడిస్తే, గీతలలో మాత్రమే నలుపు నిలుస్తుంది. కనుక తాళపత్రంలో మసి అక్షరం కాదు, అక్షరాన్ని కనబరిచే సాధనం. మసి రాలినా గీత మిగిలే ఉంటుంది. తాళ్లపాక కవుల సంకీర్తనలను చెక్కిన రాగిరేకులకైతే ఆ సాధనం కూడా అవసరం లేకపోయింది.

కాగితంపై ఈ సంబంధం తారుమారైంది. అక్కడ సిరాయే అక్షరం. మసితో చేసిన సిరాలో నల్లని కణాలను జిగురు పట్టి ఉంచుతుంది. తడి తగిలితే అవి చెదురుతాయి. కరక్కాయ, అన్నభేది కలిపిన సిరా కాగితపు పీచులోకి ఇంకి, గాలి తగిలి నల్లబడుతుంది. దానిలోని ఆమ్లం కాలక్రమంలో కాగితాన్నే తినివేయవచ్చు. బట్టమీది మరక కూడా ఈ భేదాన్నే తెలుపుతుంది. ఇనుము కలిసిన సిరా మరక నిమ్మరసానికి లొంగుతుంది, మసి మరక లొంగదు.

ఈ భేదం పరిష్కర్తకు ముఖ్యమైనది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) తాళపత్రాలను సేకరించి, పండితులచేత పాఠాలను సరిపోల్చించి, కాగితంపై శుద్ధప్రతులు వ్రాయించాడు. ఇటువంటి ప్రతులకు మూలమైన ఆకులు నశించినచోట సిరా అక్షరమే మనకు సాక్షి. అయితే మసి వెలిసిన ఆకును చూసి వ్రాసిన లేఖకుడు కనిపించని అక్షరానికి ఖాళీ విడిచి ఉండవచ్చు. ద, ధల భేదాన్ని తెలిపే చిన్న గీతను గమనించకపోయి ఉండవచ్చు. తరువాతి పరిష్కర్త మొదటిదాన్ని గ్రంథపాతంగా, రెండవదాన్ని పాఠాంతరంగా గ్రహించే ప్రమాదముంది. నశించిన పాఠం వేరు, కనిపించని పాఠం వేరు.

కాబట్టి మూలపత్రం లభించే ప్రతి సందర్భంలోనూ గ్రంథపాతాన్ని నిర్ణయించేముందు పక్కవాటు వెలుతురులో గీతలను పరీక్షించాలి. అవసరమైతే నిపుణులచేత తిరిగి మసి పట్టించాలి. పీఠికలోని ప్రతుల వివరణలో పత్రాల సంఖ్య, శిథిలస్థితితోపాటు మసి స్థితిని, సిరా స్వభావాన్ని నమోదు చేయాలి. ఆ వివరముంటే, ముద్రితగ్రంథంలోని చుక్కల వరుస కవి వాక్యం పోయినచోటును సూచిస్తున్నదో, మసి మాత్రమే పోయినచోటును సూచిస్తున్నదో తరువాతి పరిశోధకుడు తేల్చుకోగలడు.