భూఉష్ణ శక్తితో ఇళ్లకు వెచ్చదనం: దండకారణ్యంలో సాధ్యమెంత?

భూగర్భంలోని సహజమైన వేడిని నేరుగానో, విద్యుత్తుగా మార్చో వాడుకోవడమే భూఉష్ణ శక్తి వినియోగం. విద్యుత్తు గురించే ఎక్కువగా వింటాం గానీ, వేడిని వేడిగానే వాడుకుంటే నష్టం తక్కువ. వంద డిగ్రీల నీటితో టర్బైను తిప్పితే అందులోని ఉష్ణంలో సుమారు పదో వంతే విద్యుత్తు అవుతుంది. అదే నీటిని గొట్టాల్లో గదులకు పంపితే చాలా భాగం పనికొస్తుంది. ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యవిక్‌లో 1930లో 3 కిలోమీటర్ల గొట్టం వేసి ఒక పాఠశాలకు, ఆసుపత్రికి, సుమారు 60 ఇళ్లకు వేడినీరు ఇచ్చారు. నేడు ఆ దేశంలో పదింట తొమ్మిది ఇళ్లకు ఇదే ఆధారం.

మన దేశంలో వేడి ఊటలు, ఉష్ణ ప్రాంతాలు 381 వరకు ఉన్నట్లు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించింది. ఇళ్లకు వెచ్చదనం నిజంగా అవసరమైన లద్దాఖ్‌లోని పూగా, చుమాథాంగ్ వాటిలో ముఖ్యమైనవి. ఛత్తీస్‌గఢ్ ఉత్తర కొసన బలరామ్‌పూర్ జిల్లాలో ఏటా సంక్రాంతికి జాతర జరిగే తాతాపానీ కూడా అటువంటిదే.

మరి అదే రాష్ట్రపు దక్షిణ కొసన, బైలాడిలా ఇనుప గనుల పట్టణం కిరండూల్ సంగతేమిటి? దానికి తాతాపానీ కంటే తెలంగాణలోని మణుగూరు దగ్గర. తిన్నగా కొలిస్తే వంద కిలోమీటర్లలోపే. మణుగూరు సమీపంలోని పగిడేరులో బొగ్గు అన్వేషణకు వేసిన బోర్ల నుంచి వేడినీరు ఉబికింది. అక్కడ సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ యూనిట్‌ను చేపట్టింది. తక్కువ వేడికే మరిగే ద్రవాన్ని ఆ నీటితో ఆవిరి చేసి టర్బైను తిప్పుతారు. 20 కిలోవాట్లంటే కొద్దిపాటి ఇళ్లకు సరిపోయే విద్యుత్తు మాత్రమే. మిరప ఎండబెట్టడానికీ, వసతిగృహాలకు వేడినీరు ఇవ్వడానికీ ఆ ఊటను వాడుకోవడం మేలనిపిస్తుంది.

గోదావరి లోయ భూపొరలు చీలి కుంగిన ప్రాంతం. పగుళ్ల గుండా లోతుకు దిగిన నీరు వేడెక్కి పైకి వస్తుంది. బైలాడిలా కింద ఉన్నది అతి ప్రాచీనమైన, స్థిరపడిన శిల. అక్కడ అంత వేడి కావాలంటే చాలా లోతుకు తవ్వాలి. పోనీ, అడవులూ గోదావరీ దాటించి మణుగూరు నీటిని తెద్దామంటే దారి ఖర్చే మిగులుతుంది.

అయితే కిరండూల్‌కు మరో మార్గం ఉంది: భూమి ఆధారిత హీట్ పంపు. కొన్ని మీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు మారదు. శీతాకాలపు రాత్రి అది గాలికంటే వెచ్చన, వేసవి పగలు చల్లన. పూడ్చిన గొట్టాల్లో నీటిని తిప్పి ఆ వేడిని ఇంట్లోకి తేవచ్చు; ఒక యూనిట్ విద్యుత్తుకు మూడు నాలుగు యూనిట్ల వేడి లభిస్తుంది. వేసవిలో అదే యంత్రం గదిని చల్లబరుస్తుంది. వరుసగా కట్టిన గని క్వార్టర్లకు, ఆసుపత్రులకు ఉమ్మడి ఏర్పాటు నప్పుతుంది.

చిక్కులూ లేకపోలేదు. బస్తర్‌లో చలి కొన్ని వారాలే. చల్లదనం అవసరమే ఎక్కువ. తీసిన వేడికంటే నేలలోకి పంపిన వేడి ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ నేల వేడెక్కి యంత్రం సామర్థ్యం తగ్గుతుంది. స్నానాలకు, వంటశాలలకు కావలసిన వేడినీటిని కూడా అదే వ్యవస్థ నుంచి తీసుకుంటే ఈ సమస్య కొంత తీరుతుంది. గట్టి రాతిలో బోర్లు వేయించే ఖర్చు మాత్రం మొదటి రోజే భరించాలి.